ఉయ్యాలకు నోటిఫికేషన్

మంగళవారం పొద్దున మాసమ్మ సంచి సర్దుతోంది. ప్రయాణం శనివారం. నాలుగు రోజుల ముందే సంచి సర్దుకునేవాళ్ళు రెండు రకాలు: పోవాలని ఉబలాటపడేవాళ్ళు, ఎప్పుడు పొమ్మంటారో తెలియనివాళ్ళు. మాసమ్మ రెండో రకం. చిక్కడపల్లిలో ఆ సందు చివర ఉన్న అయిదంతస్తుల ఇల్లు పునాది నుంచి రంగుల దాకా ఆమె కాపలాలోనే లేచింది. ఇప్పుడు ఇంట్లోకి జనం దిగారు. జనం దిగాక కాపలాకు చీర కట్టుకున్న ముసలమ్మ పనికిరాదట, యూనిఫారం వేసుకున్న మనిషి కావాలట. శనివారం పొద్దున ఆరు గంటలకు నారాయణగూడ చౌరస్తాకు మేస్త్రి బండి వస్తుంది. పుణే దగ్గర ఏదో కొత్త కట్టడం. కొడుకు అంజి, కోడలు ముందే వెళ్ళి అక్కడ రేకుల గుడిసె వేసుకున్నారు.

ఎరువుల సంచి అడుగున గిన్నెలు, వాటి మీద బట్టలు, బట్టల మధ్యన గోధుమ పిండి డబ్బా. మనవరాలు మంగ చక్రాల కుర్చీలో కూర్చుని ఆ సర్దుడును అజమాయిషీ చేస్తోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టినప్పటి నుంచి కాళ్ళలో పట్టు లేదు. దేవుడు ఆ బలమంతా తీసుకుపోయి నాలుకకు పెట్టాడని మాసమ్మ అంటూ ఉంటుంది.

"అవ్వా, శనివారం లోపల ఆ ఉయ్యాల ఊగుడు అయితదా, కాదా? కాకుంటే నేను రాను."

"రాకుంటే ఈడ ఎవరింట్ల ఉంటవే?"

"ఉయ్యాల కాడనే ఉంట. నువ్వు పో."

"ఔ మల్ల, నిన్ను ఇడిసిపెట్టి పోత," అంది మాసమ్మ. సంచి మూతి బిగించి కట్టి, మళ్ళీ విప్పి, ఏదో మరిచినట్టు లోపలికి చూసి, మళ్ళీ కట్టింది.

మంగ అడిగే ఉయ్యాల ఎదురుగానే ఉంది. ఆ ఇంటికి ఎదురుగా ఒకప్పుడు చెత్త పోసే జాగా ఉండేది. వీణ అనే అమ్మాయి, వంకర తిరిగిన కాళ్ళకూ చేతులకూ వ్యాయామాలు చేయించే ఆవిడ, రెండేళ్ళు ఆఫీసుల మెట్లెక్కి దిగి, దాతల్ని పట్టుకుని, ఆ జాగాను అన్ని రకాల పిల్లలూ ఆడుకునే ఆటస్థలంగా మార్చింది. పడినా దెబ్బ తగలని రబ్బరు నేల. కళ్ళు కనపడని పిల్లలు తడిమి వాయించుకోవడానికి గంటల గోడ. కుర్చీలోంచి దిగకుండానే ఆడుకునేంత ఎత్తులో ఇసుక తొట్టి. అన్నిటికన్నా గొప్పది ఇనుప పలక ఉయ్యాల. చక్రాల కుర్చీని పలక మీదికి నెట్టి, నాలుగు కొక్కేలు తగిలిస్తే, కుర్చీతో సహా పిల్ల గాలిలోకి లేస్తుంది.

ఇదంతా సిద్ధమై రెండు నెలల తొమ్మిది రోజులైంది. లెక్క మంగది. రోజూ కడ్డీల సందుల్లోంచి చూసి లెక్కపెట్టేది. గేటుకు తాళం. కారణం ఒక్కటే, ఆటస్థలానికి ఇంకా పేరు పెట్టలేదు.

కాలనీ సంక్షేమ సంఘానికి ఇది చిన్న విషయం కాదు. అధ్యక్షుడు జగదీశ్వర్‌కు తండ్రి దుర్గయ్యగారి పేరు పెట్టాలని ఉంది. దుర్గయ్యగారు బతికున్న రోజుల్లో పిల్లలు గోడ మీద బంతి కొడితే బంతిని కోసి తిరిగి ఇచ్చేవారు. ఆ సంగతి అధ్యక్షుడు మరిచిపోయాడు, పిల్లలు మరవలేదు. కార్యదర్శి సూర్యనారాయణమూర్తికి పేరులో అర్థం ఉండాలని పట్టుదల. ముప్పై రెండేళ్ళు ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు దాకా ఎదిగి రిటైరైన మనిషి. ఆయన ప్రతిపాదన "సర్వసామర్థ్య సమ్మిళిత బాలవికాస క్రీడాప్రాంగణం". దాన్ని ఒక్క ఊపిరిలో చెప్పగలిగిన పిల్లలకే ప్రవేశమా అని వీణ ఒకసారి అడిగింది. ఆ ప్రశ్నను మూర్తిగారు మినిట్స్ పుస్తకంలో రాసుకుని, కింద "పరిశీలించబడును" అని సంతకం పెట్టారు.

ఆ మంగళవారం పదకొండింటికి ఏడో మీటింగు. మాసమ్మ మనవరాలిని కుర్చీలో తోసుకుంటూ మూర్తిగారి వరండాలోకి వచ్చింది. వీణ అప్పటికే అక్కడుంది.

"సారూ, జర తాళం తీయున్రి. పిల్ల ఒక్కపారి ఊగుతది. శనివారం మేము పోతున్నం. మల్ల ఈ దిక్కు వస్తమో రామో."

"చూడమ్మా, అలా కుదరదు," అన్నారు మూర్తిగారు, కళ్ళజోడు పైనుంచి. "పేరు పెట్టాలి. పేరు పెడితే శిలాఫలకం. శిలాఫలకం ఉంటే ప్రారంభోత్సవం. ప్రారంభోత్సవం అయితే వినియోగం. పద్ధతంటూ ఒకటి ఉంటుంది."

"పేరు పెట్టకుంటే ఉయ్యాల ఊగదా?" అంది మంగ.

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే..."

"నా పేరు పెట్టకముందే మా అవ్వ నన్ను ఊపింది. తొట్టెల్లేసినంకనే పేరు పెట్టిన్రు."

జగదీశ్వర్ నవ్వాడు. మూర్తిగారు నవ్వలేదు. బారసాలకు శిలాఫలకం ఉండదు కాబట్టి ఆ ఉదాహరణ చెల్లదని ఆయన మనసులో తేల్చుకున్నారు. వీణ మాత్రం పట్టు వదల్లేదు. "రెండు నెలల్నుంచి మీ ఇద్దరికీ కుదరట్లేదు కదా సర్. జనాన్నే అడగండి. నోటీసు పెట్టండి, శుక్రవారం సాయంత్రం దాకా పేర్లు తీసుకోండి, అదే రోజు తేల్చి గేటు తీసేయండి. ఈ పాప వెళ్ళకముందే."

"పబ్లిక్‌ను అడిగితే మనకే మంచి పేరు," అన్నాడు జగదీశ్వర్. శుక్రవారం అతని పుట్టినరోజు. ఆ రోజు ఏది జరిగినా తనకు మంచిదే అనుకునే రకం. ఆదివారం ముఖ్య అతిథిని పిలుద్దామని, శుక్రవారం సాయంత్రం పాపను ఒక్కసారి లోపలికి పంపుదామని తీర్మానం అయింది. మంగ కుర్చీని తనే తిప్పుకుంటూ, "రాసిన్రా? సంతకం పెట్టిన్రా?" అని అడిగి మరీ కదిలింది.

నోటీసు రాసే పని మూర్తిగారిది. జీవితమంతా ఒకే రకం కాగితం రాసిన చేతికి ఇంకో రకం కాగితం రాదు. పెళ్ళిలో పదహారణాల పంతులుకు మంత్రం తప్ప మాట రానట్టు, ఆయనకు నోటిఫికేషన్ తప్ప నోటీసు రాదు. పైన రెండు వరుసల్లో ఆటస్థలానికి పేరు సూచించమని రాశారు. అక్కడితో ఆపితే మామూలు మనిషే. కింద ఇలా సాగింది: "అర్హత: తెలుగు చదవడం, రాయడం వచ్చి ఉండవలెను. వయోపరిమితి లేదు. అభ్యర్థి స్వయంగా హాజరై, దరఖాస్తును మూడు ప్రతులలో, రెండు ఫొటోలతో సమర్పించవలెను. చివరి తేదీ: శుక్రవారం సాయంత్రం 5 గంటలు. స్థలం: ఆటస్థలం గేటు, చిక్కడపల్లి. ఎంపిక విషయంలో కమిటీదే తుది నిర్ణయం. పైరవీలు చేయువారు అనర్హులు."

"ఫొటోలెందుకు సర్?" అంది వీణ.

"దరఖాస్తు అన్నాక ఫొటో ఉండదా అమ్మా?" అన్నారాయన, మొదటిసారి నిజంగా ఆశ్చర్యపోయి.

బుధవారం పొద్దున ఆ కాగితాలు పెద్ద అక్షరాల్లో అచ్చై, లైబ్రరీ ఎదుటి గోడ మీద, అశోక్‌నగర్ సందుల్లో, నారాయణగూడ బస్టాపు దగ్గర, ఆటస్థలం గోడ మీద అంటుకున్నాయి. బుధవారం సాయంత్రం అధ్యక్షుడి పుట్టినరోజు ఫ్లెక్సీలు వచ్చాయి. మంచి గోడ ఎక్కడుందో నోటీసు అంటించేవాడికి ఎంత తెలుసో ఫ్లెక్సీ కట్టేవాడికీ అంతే తెలుసు. నల్లద్దాలు పెట్టుకుని ఫోను మాట్లాడుతున్న జగదీశ్వర్, చుట్టూ ఇరవై మంది అనుచరుల బొమ్మలతో, ప్రతి నోటీసుకూ పైభాగం మీద సరిగ్గా కూర్చున్నాడు. ఆటస్థలానికి పేరు సూచించమన్న రెండు వరుసలూ అతని కడుపు కిందకి పోయాయి. "అర్హత" దగ్గర్నుంచి అంతా స్పష్టంగా మిగిలింది.

గురువారం పొద్దున ఆరింటికి కరుణాకర్ టీ తాగడానికి హాస్టల్ దిగాడు. నల్గొండ వైపు పల్లెటూరు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఆరేళ్ళుగా సర్కారు కొలువు కోసం చదువుతున్న మనిషి. ఒక్క గదిలో అయిదుగురు, ఒక్క కిటికీ. గోడ మీద "వయోపరిమితి లేదు" అన్న మాట చూసి టీ గ్లాసు కింద పెట్టాడు. రెండోసారి చదివాడు. ఫొటో తీసి హాస్టల్ గ్రూపులో పెట్టాడు. కింద ఒకే ముక్క రాశాడు: "ఇది నిజమేనా?"

అశోక్‌నగర్‌లో ఆ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పరు. ముందు ఇంకో పది మందికి పంపుతారు. ఎనిమిదింటికి అది ఏ శాఖ అని చర్చ. తొమ్మిదింటికి శాఖ బయటపెట్టకపోవడంలోనే విషయం ఉందని తేలింది. పదింటికి ఒక కోచింగ్ సెంటర్‌లో సారు పాఠం ఆపి, "ఇట్లాంటి చిన్న నోటిఫికేషన్ల వెనకనే పెద్ద రిక్రూట్‌మెంట్ ఉంటది, నేను ముందే చెప్పిన" అన్నాడు. ఆయన ఏం చెప్పాడో ఎవరికీ గుర్తులేదు గానీ అందరూ తలలూపారు. మధ్యాహ్నానికి పోస్టులు పదకొండు వందలు. సాయంత్రానికి దరఖాస్తు నమూనా తయారై జిరాక్సు షాపుల ముందు వరసలు కట్టించింది. "గత ప్రశ్నల సరళి" అని ఒక పుస్తకం కూడా వచ్చింది. జరగని పరీక్షకు గత ప్రశ్నలెలా వచ్చాయని అడిగినవాణ్ని పక్కవాడు, "నీకు సీరియస్‌నెస్ లేదురా" అని తిట్టాడు.

శుక్రవారం ఏడింటికి మూర్తిగారు కుర్చీ, బల్ల, రబ్బరు స్టాంపు పట్టుకుని గేటు దగ్గరకొచ్చారు. వరస చూసి బల్ల అక్కడే దించేశారు. గేటు దగ్గర మొదలైన వరస సందు దాటి, రోడ్డు దాటి, ఎక్కడిదాకా ఉందో చివర కనపడలేదు. ఆడపిల్లలకు వేరే వరస. అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఒక పేరు గురించి, అందులోనూ పిల్లల ఆటస్థలం పేరు గురించి, ఇంత బాధ్యత ఉన్న సమాజాన్ని తను రిటైరయ్యాక గానీ చూడలేకపోయినందుకు చింతించారు.

"రండి, మొదటి అభ్యర్థి. పేరు?"

"బి. కరుణాకర్ సార్."

మూర్తిగారు రాసుకుని ఆగారు. "మీ పేరే ఇస్తున్నారా?"

"ఔ సార్. నా పేరే. ఆధార్‌ల కూడ గదే ఉంది."

"ఎందుకు ఆ పేరే ఎన్నుకోవాలి? కారణం చెప్పండి."

"డిగ్రీ ఫస్ట్ క్లాసు సార్. రెండుసార్లు మెయిన్స్ దాక పోయిన. నాలుగు మార్కుల్ల పోయింది సార్, కీ తప్పిచ్చిన్రు."

తరువాతి అమ్మాయి రమ్య తన పేరే చెప్పింది. ఆ తరువాతివాడు తన పేరూ, తండ్రి పేరూ, కులమూ చెప్పాడు. ముప్పైమంది అయ్యేసరికి మూర్తిగారి ముఖం మాడిపోయింది. "ఒక్కరు, ఒక్కరైనా మహనీయుడి పేరో, ఒక మంచి భావమో చెప్పరే! ఎవడికి వాడు తన పేరే! ఎంత స్వార్థం!" అని పక్కనున్న కరెంటు స్తంభంతో అన్నారు. అయినా స్టాంపు వేయడం ఆపలేదు. చేతికి అందిన కాగితం మీద స్టాంపు వేయకుండా ఉండటం ఆయన ఒంట్లో లేదు.

తొమ్మిదింటికి బస్సులు ఆగాయి. పావుగంటకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"ఏంది బై ఇది? ఎవరి పర్మిషన్? ఎవడు పిలిచిండు వీళ్ళను?"

"ప్రజాభిప్రాయ సేకరణ అండీ," అన్నారు మూర్తిగారు.

"అభిప్రాయం రోడ్డు మీదికి వచ్చింది పంతులూ. అంబులెన్సు ఆగింది అక్కడ. గేటు తీయ్, అందర్ని లోపల నిలబెట్టు."

"పేరు పెట్టందే గేటు..."

"పేరు నేను పెట్టాల్నా?" అని ఇన్‌స్పెక్టర్ కళ్ళెర్రజేశాడు. "తాళం చెవి ఏది?"

తాళంచెవి అధ్యక్షుడి జేబులో ఉంది. అధ్యక్షుడు అప్పుడే మెడలో మూడు దండలతో, పైకప్పు లేని జీపులో, సందు మలుపు తిరిగాడు. తిరగ్గానే జనసముద్రం కనపడింది. ఏటా తన పుట్టినరోజుకు నలభై మందిని పోగుచేయడానికి బిర్యానీ సరిపోయేది కాదు. ఈసారి పిలవకుండానే వేలమంది. ఆటస్థలం గోడ మీద తన బొమ్మ. దాని కింద చేతులు జోడించి నిలబడ్డ యువత. ఇందులో ఏదో పొరపాటుందని తోచాల్సిన మనిషికి తన గొప్పతనాన్ని ఇన్నాళ్ళు తనే తక్కువ అంచనా వేశానని తోచింది.

జీపు సీటు మీద నిలబడ్డాడు. "తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ అభిమానం చూస్తే కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయి!"

"సార్, పోస్టులెన్ని సార్?" అని ఒక గొంతు.

డప్పుల మోతలో జగదీశ్వర్‌కు సగమే వినపడింది. ఇలాంటి రోజున కాదనే మాట నోటికి రాదు. "మీకెన్ని గావాల్నో అన్ని! నేనున్న!"

అప్పుడు లేచిన కేక నారాయణగూడ దాకా వినపడిందట. అధ్యక్షుణ్ని జీపులోంచి లేపి భుజాల మీదికి ఎత్తుకున్నారు. పైన తేలుతూ అతను చేతులు ఊపాడు. కింద్నుంచి ఎవరో, "జాయినింగ్ ఎప్పుడు సార్?" అన్నారు. ఇంకెవరో, "హైదరాబాద్‌లనే పోస్టింగా, జిల్లాలకు పంపుతరా?" అన్నారు. "రాతపరీక్ష ఉంటదా, డైరెక్టు ఇంటర్వ్యూనా?" అన్నారు. ఒక్కొక్క ప్రశ్నకూ అధ్యక్షుడి నవ్వు ఒక్కొక్క పన్ను చొప్పున లోపలికి పోయింది.

"మూర్తిగారూ! ఏం రాసిన్రు మీరు?" అని గాల్లోంచే అరిచాడు.

"పద్ధతి ప్రకారమే రాశాను," అన్నారు మూర్తిగారు, స్టాంపు వేస్తూ.

ఆ వేళకు వీణ వచ్చింది. గోడ దగ్గరకు వెళ్ళి ఒక్క చూపు చూసింది. పక్కనున్న వాడి సైకిలెక్కి నిలబడి, అధ్యక్షుడి ఫ్లెక్సీని నల్లద్దాల దగ్గర్నుంచి బొజ్జ దాకా చించింది. బయటపడిన రెండు వరుసలూ గట్టిగా చదివింది. "ఇది ఉద్యోగం కాదు. ఈ ఆటస్థలానికి ఒక పేరు చెప్పమని అడిగారు. అంతే. మా తప్పే. క్షమించండి."

అధ్యక్షుణ్ని మోస్తున్నవాళ్ళు, బరువు ఇప్పుడే తెలిసినట్టు, అతణ్ని కింద పెట్టారు. పెట్టారు అనడం మర్యాద.

కరుణాకర్ తన మూడు ప్రతులూ మడిచి కవర్లో పెట్టుకున్నాడు. "పరవా లేదక్కా," అన్నాడు. "ఇంతకుముందు మా పరీక్షలు ఆగినప్పుడు ఎవ్వరు ముందలికొచ్చి క్షమించమనలే. మీరే ఫస్టు."

కొందరు నవ్వారు. కొందరికి నవ్వు రాలేదు. ఇన్‌స్పెక్టర్‌కు ఇదంతా అక్కరలేదు. అధ్యక్షుడి జేబులో చెయ్యిపెట్టి తాళంచెవి తీసి, గేటు బార్లా తెరిచి, "అందరు లోపలికి నడువున్రి, రోడ్డు ఖాళీ చేయాలె, పది మంది చొప్పున వెనక సందుల నుంచి పంపుత" అన్నాడు. చక్రాల కుర్చీల కోసం కట్టిన ఏటవాలు దారి మీద అలంకారానికి సంఘం వరసగా పూలకుండీలు పెట్టించింది. నాలుగు వందల కాళ్ళు వాటిని అయిదు నిమిషాల్లో పక్కకు నెట్టేశాయి. రెండు నెలల పన్నెండు రోజులుగా ఏ తీర్మానమూ చేయలేని పని అది.

ఎదుటి ఇంటి అరుగు మీంచి మంగ ఇదంతా చూస్తోంది. "అవ్వా, గేటు తీసిన్రు. నడువు."

"అంతమంది మగపిలగాండ్లు ఉన్నరు. సాయంత్రం పిలుస్తమన్నరు గద. ఆగు బిడ్డా."

"సాయంత్రం మల్ల మూస్తరు. నీకు ఎరుకలేదు వాళ్ళ సంగతి."

మాసమ్మకు ఎరికే. పొమ్మనేవాళ్ళ మాట, ఆగమనేవాళ్ళ మాట, రెండూ ఆమె చాలా చోట్ల విన్నది. చెప్పులు కూడా వేసుకోకుండా కుర్చీ తోసింది.

లోపల డిగ్రీలు చదివిన పిల్లలు జారుడుబల్ల మీద కూర్చుని కరెంటు అఫైర్స్ చదువుకుంటున్నారు. ఇనుప పలక ఉయ్యాల మీద ఆరుగురు కాళ్ళు వేలాడేసుకుని ఉన్నారు. మంగ కుర్చీ తిన్నగా వాళ్ళ ముందుకు వచ్చి ఆగింది.

"లేవున్రి అన్నా. అది నాది. రెండు నెలల సంది కాపలా కాస్తున్న."

లేచారు. కరుణాకర్ కుర్చీని పలక మీదికి నెట్టాడు. వీణ వచ్చి నాలుగు కొక్కేలూ తగిలించి, ఒక్కొక్కటీ లాగి చూసి, "నెమ్మదిగా" అంది. కరుణాకర్ నెమ్మదిగానే తోశాడు.

"గట్ల కాదు. నీకు అనుభవం లేదు," అంది మంగ. "నువ్వు రిజెక్ట్. నెక్స్ట్!"

రమ్య ముందుకు వచ్చి, "మే ఐ కమిన్ మేడం?" అంది. వెనక వరస కట్టారు. నిజంగానే వరస, అలవాటైన వరస.

"పేరు?"

"రమ్య, మేడం."

"ఉయ్యాల ఎందుకు ఊపాలనుకుంటున్నవు?"

"సమాజసేవ, మేడం."

"అబద్ధం. రిజెక్ట్... ఆగు, ఒక్కపారి ఊపు. ఆఁ. ఇంకా మీదికి. సెలెక్ట్!"

సెలెక్ట్ అన్న మాట విని రమ్య అరిచిన అరుపుకు బయట ట్రాఫిక్ కానిస్టేబుల్ లోపలికి తొంగిచూశాడు. ఆ పిల్ల ఆ మాట వినడం అదే మొదటిసారి. వరసలో ఉన్నవాడల్లా తన నంబరు వచ్చాక ఊపాడు. రాష్ట్ర పక్షి ఏదని ఎవరో మంగకే ఎదురు ప్రశ్న వేస్తే "పాలపిట్ట" అని పైనుంచే జవాబు చెప్పింది. పైరవీకి చాక్లెట్ ఇచ్చినవాణ్ని అనర్హుణ్ని చేసి, చాక్లెట్ ఉంచుకుంది. కుర్చీ వెళ్ళి ఆకాశానికి ఆనినట్టు లేచినప్పుడల్లా మాసమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. "ఇగ సాలు బిడ్డా, ఇగ సాలు" అంటూనే ఉంది. సాయంత్రం అయిదయ్యే దాకా చాలలేదు.

మధ్యలో కరుణాకర్ తన దగ్గర మిగిలిన ఖాళీ దరఖాస్తు తీశాడు. "ఇయ్యాల ఈ గ్రౌండుకు పేరు చెప్పాలె గద. నీదొకటి రాస్త. ఏం పేరు?"

"మా గ్రౌండ్."

"కారణం?"

"మాది గనుక."

మూడు ప్రతులు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి బల్ల మీద పెట్టాడు. మూర్తిగారు స్టాంపు వేసి తీసుకున్నారు.

శనివారం మధ్యాహ్నం సంఘం సమావేశమైంది. అందిన దరఖాస్తులు పదమూడు వందల అరవై రెండు. పదమూడు వందల అరవై ఒకటి ఉద్యోగానికి చేసుకున్నవి కాబట్టి తిరస్కరించారు. మిగిలిన ఒక్కటి ఫొటో జతపరచనందున తిరస్కరించారు. జనాభిప్రాయం ఇలా పూర్తిగా తేలిపోయాక, కమిటీ తుది నిర్ణయం ఏకగ్రీవంగా తీసుకుంది: "దుర్గయ్య స్మారక సర్వసామర్థ్య సమ్మిళిత బాలవికాస క్రీడాప్రాంగణం". రాయి చెక్కేవాడు అక్షరాలు పట్టవంటే, "బాల" తీసేయమన్నారు.

ఆదివారం పదింటికి ముఖ్య అతిథి వచ్చారు. రిబ్బను కత్తిరించి, రాతి మీది తెర తీసి, పేరు చదవడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. చుట్టూ చూశారు. ఎండలో సంఘం సభ్యులు, వాళ్ళ భార్యలు, ఇస్త్రీ బట్టల్లో వాళ్ళ పిల్లలు.

"ఇది అందరు పిల్లల కోసం అన్నరు గద. ఆ పిల్లలేరీ? పేపర్ల ఫొటో పడాలె. చక్రాల కుర్చీ పాప ఎవరన్న ఉంటే ఆ ఉయ్యాల మీద కూసోబెట్టున్రి, నేను ఊపుత."

జగదీశ్వర్ మూర్తిగారిని చూశాడు. మూర్తిగారు ఎదుటి ఇంటిని చూశారు. పంచె ఎగగట్టి, డెబ్భైయేళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి పరుగెత్తారు.

"మాసమ్మా! పాపను తీసుకురా! తాళం తీసే ఉంది, తొందరగా!"

గేటు దగ్గర యూనిఫారం వేసుకున్న మనిషి ఎవరో లేచి సెల్యూట్ చేశాడు. "మాసమ్మ ఎవరు సార్?"

ఫోను చేస్తే పలకలేదు. వీణను అడిగితే, "శుక్రవారం దాకా ఇక్కడే ఉందిగా సర్, రెండు నెలలు," అంది. ఆ వాక్యాన్ని మూర్తిగారు ఎక్కడా రాసుకోలేదు. అతిథి గడియారం చూసుకుంటున్నారు. వీణ పనిచేసే చోటి నుంచి ప్రదర్శనకు తెచ్చిన ఖాళీ కుర్చీ ఒకటి పక్కన ఉంది. జగదీశ్వర్ మేనల్లుడు కళ్యాణ్, బడిలో వంద మీటర్ల పందెంలో ఫస్టు వచ్చేవాడు, అందులోకి ఎక్కాడు. "కాళ్ళు కదపకు రా," అని మేనమామ చెవిలో చెప్పాడు. అతిథి ఊపారు. ఫొటో పడింది. పడగానే కళ్యాణ్ కుర్చీలోంచి దూకి ఐస్‌క్రీం బండి వెంట పరుగెత్తాడు. అతిథి నోరు తెరిచి చూస్తూ నిలబడ్డారు. విలేకరి రెండో ఫొటో తీశాడు. సోమవారం పేపర్లో పడింది ఆ రెండోదే.

"అసలు పాప ఊరెళ్ళింది సార్," అన్నారు మూర్తిగారు, చేతులు నలుపుకుంటూ. "రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది."

మంగ శనివారం పొద్దున ఆరు గంటలకు నారాయణగూడ చౌరస్తాలో మేస్త్రి బండి ఎక్కింది, తిరిగి రాలేదు.